నా ఇంటి పిడికెడు బియ్యం

ముప్పై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు అన్నం వండటం రాదు. సిగ్గుపడుతూ చెప్పటం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. ఏలూరులో ఒక జిల్లా ఆఫీసులో పదమూడేళ్ళ నుంచి ఉద్యోగం. ఫైలు కదలటం లేదని బల్ల గుద్దడానికి వచ్చిన కాంట్రాక్టర్లు కూడా నా సీటు దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించేవారు. సాయంత్రం తాడేపల్లిగూడెం స్టేషన్లో పాసింజరు దిగగానే మాత్రం నేను బుజ్జిని. గేటు బయట మా నాన్నగారు సైకిలు పట్టుకుని నిలబడేవారు. బండి పావుగంట ఆలస్యమైతే స్టేషన్ మాస్టరు దగ్గరకెళ్ళి కారణం అడిగేవారు. ఇంటికెళితే అమ్మ కంచం ముందు కూర్చోబెట్టేది. వంటింట్లోకి ఒక్క అడుగు వేస్తే, అలిసొచ్చావు పోయి కూర్చోమని వెనక్కి తోసేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ ఎప్పుడో గెలిచాను, ఇంట్లోనే గెలవలేకపోయాను.

మా నాన్నగారు కలపాల పేతురు మాస్టారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ సత్యవతి. అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను, మొత్తం ఏడుగురం. నాకు పెళ్ళి కుదరలేదు. చూడవచ్చినవాళ్ళలో కొందరు నాకు నచ్చలేదు, కొందరికి నేను నచ్చలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేయండి, ఈ కథ దాని గురించి కాదు.

రెండువేల నాలుగులో నాకు సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చింది. ఆఫీసు వాళ్ళంతా కలిసి ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. తెల్లటి ముఖం, గంటగంటకీ చిన్నగా మోగుతుంది. ముచ్చటపడి ఇంటికి తెచ్చాను. హాల్లో ఒక గోడకి అన్నయ్య పెళ్ళి ఫోటో, ఒక గోడకి నాన్నగారి వాక్యాల క్యాలెండరు. గదుల్లో ఒకటి అమ్మావాళ్ళది, ఒకటి అన్నయ్యవాళ్ళది. నేను పడుకునేది హాల్లో మంచం మీద, నా సామాను ఆ మంచం కింద. చివరికి వదిన గడియారాన్ని పెట్టెతో సహా బీరువా మీద భద్రంగా పెట్టింది. ఆమె తప్పేమీ లేదు. కానీ ముప్పై ఏడేళ్ళ మనిషిని, నాకంటూ ఒక మేకు కొట్టుకునే గోడ లేదు.

వారం తిరక్కుండా ఏలూరు తంగెళ్ళమూడిలో ఒక డాబా మీద గది మాట్లాడుకుని వచ్చి, ఫలహారం దగ్గర చెప్పాను. అమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. నలుగురూ ఏమనుకుంటారని అన్నయ్య అడిగాడు. నలుగురూ నా టిక్కెట్టు కొంటున్నారా అని నేనడిగాను. నాన్నగారు మాత్రం కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాక మాట్లాడారు.

"ఇల్లంటే తాళంచెవి కాదమ్మా, పొయ్యి. నీకు పొయ్యి వెలిగించటమే రాదు. కోత పండుగ దాకా చూస్తాను. అప్పటికీ నీ బతుకు నువ్వు బతుకుతున్నట్టు నాకు కనపడకపోతే, నేనే వచ్చి సామాను కట్టి తీసుకొచ్చేస్తాను."

"కనపడితేనో?"

"మళ్ళీ ఆ ఊసెత్తను."

కోత పండుగంటే వరి కోతలయ్యాక డిసెంబరు మొదట్లో మా క్రైస్తవుల గుళ్ళలో చేసే పండుగ. అప్పటికింకా ఆగస్టు. నా జీతం నాది, ఆయన కాదన్నా నేను ఉండిపోవచ్చు. కానీ నాన్నగారి మాట కాదని ఉండటం వేరు, ఆయన సరేనన్నాక ఉండటం వేరు. నాకు ఆ రెండోదే కావాలి.

డాబా ఇల్లు అచ్చమ్మగారిది. అరవై అయిదేళ్ళ మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. పుట్టిల్లు కొల్లేటికోట. అక్కడి గుళ్ళో, ఇప్పుడు ఈ ఏలూరు గుళ్ళో కలిపి నలభై ఏళ్ళుగా స్త్రీల సమాజం నడుపుతున్నావిడ. గది చూపించిన రోజునే, నా డాబా మీద గట్టిగా నడవకూడదు, నీళ్ళు వృథా చేయకూడదు, అబద్ధం చెప్పకూడదు అని మూడు ముక్కలు చెప్పేసింది. నేను మేకు కొట్టి గడియారం తగిలించాను. కిరసనాయిలు స్టవ్వు కొని పాలు పొంగించాను. ఆ రోజు నాకంటే గొప్పది జిల్లాలో లేదనుకున్నాను.

మూడోరోజు పొద్దున ఆఫీసు గేటు దగ్గర శ్యామ్ సుందర్ గారు నిలబడి ఉన్నారు. కోర్టులో గుమాస్తా, నాతో పాటు పదమూడేళ్ళు సీజన్ టిక్కెట్టు మీద గూడెం నుంచి వచ్చిన మనిషి. ఆయన చేతిలో మా ఇంటి నాలుగు గిన్నెల కారియర్. అమ్మగారు పంపారండీ, సాయంత్రం ఖాళీది ఇస్తే పట్టుకెళతానండీ, అన్నారు.

మూత తీస్తే గోంగూర పచ్చడి, చేపల పులుసు, పప్పుచారు, అన్నం. ఎవరికి చేదు చెప్పండి. మధ్యాహ్నం తిన్నాను, మిగిలింది దాచుకుని రాత్రికి తిన్నాను. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని అమ్మ నేర్పిన అలవాటు ఒకటి ఉంది కదా, పైగిన్నెలో రెండు అరటిపళ్ళు పెట్టి పంపాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆదివారాలు తప్పిస్తే ఒక్కరోజు మానలేదు. ఆదివారం నేను హోటల్లో తినేదాన్ని. స్టవ్వు మీద టీ తప్ప ఏమీ కాగలేదు. నేను మాత్రం స్వతంత్రంగా బతికేస్తున్నానని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

అక్టోబరు మొదటి ఆదివారం నా పరువు పోయింది.

మా సంఘాల్లో తాతల నాటి నుంచీ ఒక పద్ధతుంది. ఇంటి ఆడమనిషి పూటపూటా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నెల మొదటి ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తుంది. స్త్రీల సమాజం పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేరు. పేరు పిలవగానే ఆ ఇంటావిడ వెళ్ళి గోతంలో పోసి వస్తుంది. ఆ బియ్యం వండుకోవడానికి లేనివాళ్ళకు వెళుతుంది. గూడెంలో మా ఇంటి పేరు పిలిస్తే అమ్మ లేచేది. ఇక్కడ నా పేరు నాకు రాయించుకోవాలనిపించింది. వస్తూ వస్తూ కొట్లో రెండు కిలోల సన్నబియ్యం కట్టించుకుని, ఆరాధన అయ్యాక అచ్చమ్మగారి ముందు పెట్టాను.

ఆవిడ సంచి విప్పి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని చూసింది.

"ఏ కొట్లో కొన్నావమ్మా?"

చెప్పాను. మంచి బియ్యమేనన్నాను.

"మంచివే. ఇది దానం. దానానికి ఆ పక్కన వేరే గోతం ఉంది, అందులో పోసెయ్యి. పిడికెడంటే నువ్వు తినబోయేదాంట్లోంచి తీసింది. పొయ్యి వెలగని ఇంట్లో పిడికెడెక్కణ్ణుంచి వస్తుంది?"

"అయితే నా పేరు రాయరా అండీ?"

"గూడెంలో రాసే ఉందిగా. మీ అమ్మ వండింది తింటున్నన్నాళ్ళూ మీ అమ్మ పిడికెట్లోనే నువ్వూ ఉన్నావు."

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా పక్కనున్న పదిమందికీ వినపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటి ఓనరు ఇంటి సంగతి చూసుకోవాలి గానీ నా కారియర్ సంగతి ఈవిడకెందుకని తిట్టుకుంటూ డాబా మెట్లెక్కాను, అదీ గట్టిగా నడుస్తూ ఎక్కాను. గదిలోకి వచ్చి కూర్చుంటే గడియారం కొట్టుకుంటోంది. స్టవ్వు కొన్నప్పటి కాగితం ముక్క ఇంకా దాని కాలికి అంటుకునే ఉంది. ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇదే నాన్నగారు వచ్చి చూస్తే ఏమంటారో నాకు తెలుసు. సామాను కట్టేస్తారు.

మర్నాడు శ్యామ్ సుందర్ గారికి కారియర్ ఇక తేవద్దని చెప్పాను. ఆయన రెండు చేతులూ జోడించి, కోర్టులో జడ్జిగారికైనా చెప్పగలను గానీ మీ అమ్మగారికి నేను చెప్పలేనండీ, మీరే చెప్పుకోండి, అన్నారు. ఫోన్ చేశాను.  నా చేతి వంట అప్పుడే చేదయిందా అని అడిగి అమ్మ ఫోన్ పెట్టేసింది. అయినా రెండ్రోజులు కారియర్ వచ్చింది. మూత తీయకుండా, పైన రెండు అరటిపళ్ళు కట్టి, అలాగే తిప్పి పంపాను. ఆ రెండ్రోజులూ ఆకలి కంటే అమ్మ మొహమే ఎక్కువ బాధపెట్టింది. మూడోరోజు శ్యామ్ సుందర్ గారు వట్టి చేతులతో వచ్చి, ఇవాళ ఇవ్వలేదండీ అని తలదించుకుని వెళ్ళిపోయారు. గెలిచానని సంతోషపడాలి. బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను.

ఇక వంట. నేను చూసిన వంటంతా తలుపు దగ్గర నిలబడి చూసిందే. అమ్మ సోలతో మూడు సోలలు కొలిచి పోసేది. ఒక్కదాన్నే కదా, ఒక సోల తగ్గిద్దామని రెండు పోశాను. గిన్నె పొంగింది, స్టవ్వు ఆరింది, మళ్ళీ వెలిగిస్తే అడుగంటింది. దించి చూస్తే అయిదుగురు తినే అన్నం. ఆ పూట తిన్నాను, రాత్రికి తిన్నాను, మర్నాడు చద్దన్నం, ఆ సాయంత్రం పులిహోర, ఇంకా మిగిలింది డాబా మీద వడియాలు పెట్టాను. ఇంత జరిగినా మళ్ళీ వండినప్పుడు చెయ్యి దానంతటదే రెండు సోలలకే వెళ్ళింది. తక్కువ పోస్తే ఇంట్లో ఎవరికో లేకుండా పోతుందని భయం. ఆ ఎవరో ఇక్కడ లేరని చేతికి తెలియదు.

వడియాలు చూసి అచ్చమ్మగారు పైకొచ్చింది. గిన్నెలోకి చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఇంటిల్లిపాదికీ ఎసరు పెట్టి ఒక్కదానివి ఎంతని తింటావమ్మా? సోల పక్కన పడెయ్యి. నీ చెయ్యి చాపు."

నా చేతిని బియ్యం డబ్బాలో ముంచింది. నాలుగు పిడికిళ్ళు గిన్నెలోకి తీయమంది. అందులోంచి ఒకటి వెనక్కి తీసి, తను తెచ్చిన ఖాళీ పాలడబ్బాలో వేయమంది. మిగిలిన మూడే నీ అన్నం, రెండింతలు నీళ్ళు పోసుకో, అని దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం సరిగ్గా ఒక మనిషికి ఉడికింది. గిన్నె అడుగున ఒక్క మెతుకు మిగల్లేదు. నా పిడికిలికి ఆ కొలత ముందునుంచే ఉంది, నాకే తెలియలేదు. ఆనందంతో ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను. కింద నుంచి అచ్చమ్మగారు ఏమైందని కేకేసింది.

అక్కడినుంచి పని సులువైందని అనను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. కొల్లేటి చేపలమ్మే ఆవిడ దగ్గర కొర్రమీను కొని, దాన్ని పట్టుకోలేక గదంతా పరిగెత్తించాను. దాన్ని రాళ్ళుప్పు వేసి బండకేసి ఎలా రుద్దాలో, పులుసులో గరిటె పెట్టకుండా గిన్నెనే ఎలా తిప్పాలో అచ్చమ్మగారు నేర్పింది. తిట్టకుండా ఒక్కటీ నేర్పలేదు. నేనూ ఊరుకోలేదు, మాటకు మాట అన్నాను. నవంబరు వచ్చేసరికి మా ఇద్దరి గొడవ వినపడకపోతే పక్కింటివాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు.

నిజంగానే నవంబరు మూడో వారంలో నాకు జ్వరం పట్టుకుంది. అచ్చమ్మగారు చెల్లెలి ఇంటికని కొల్లేటికోట వెళ్ళి ఉంది. రెండ్రోజులు బిళ్ళలు మింగి పడుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఇక ఓపిక లేక, సంచిలో రెండు చీరలు పెట్టుకుని ఆటోలో పవర్‌పేట స్టేషన్‌కి వెళ్ళి గూడెం టిక్కెట్టు కొన్నాను. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే చాలనిపించింది. బెంచీ మీద కూర్చున్నాక బుర్ర కాస్త పనిచేసింది. జ్వరంతో ఆ గుమ్మంలో దిగితే అమ్మ మళ్ళీ పంపదు. నాన్నగారు ఒక్కమాటా అనకుండా వెళ్ళి సామాను తెచ్చేస్తారు. ఆ తర్వాత ఎన్నేళ్ళొచ్చినా నాకు హాల్లో మంచమే. అప్పుడే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మూడ్రోజులుగా పాలడబ్బాలో పిడికెడు పడలేదు.

పాసింజరు వచ్చి ఆగింది. తలుపు నా ఎదురుగానే ఉంది. ఎవరో ఎక్కుతారా అమ్మా అని కూడా అడిగారు. ఎక్కనండీ అన్నాను. బండి కదిలి వెళ్ళిపోయింది. తిరిగొచ్చి, గోడ పట్టుకుని మెట్లెక్కి, మూడు పిడికిళ్ళు తీసి ఒకటి డబ్బాలో వేసి, రెంటితో జావ కాచుకున్నాను. ఉప్పు వేసుకుని చెంచాతో తాగాను. చెబితే నవ్వుతారు, ఆ జావంత రుచైనది నేను ఇంతవరకూ తినలేదు. నా జ్వరానికి నేనే వండి పెట్టుకున్నాను.

కోత పండుగ ఆదివారం వచ్చింది. గుళ్ళో స్తంభాలకు వరి కంకులు, చెరకు గడలు, అరటి గెలలు కట్టారు. నేను పాలడబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. రెండో కీర్తన పాడుతుండగా అమ్మా నాన్నగారూ వచ్చారు. అమ్మ చేతిలో కారియర్ ఉంది, మరి ఉండదా. నాన్నగారు మగవాళ్ళ వైపు కూర్చుని చేతిసంచి పక్కన పెట్టుకున్నారు. సంచిలోంచి కొత్త కొబ్బరితాడు చుట్ట బయటికి కనపడుతోంది. తాడో పేడో తేల్చుకోడానికి ఆయన నిజంగానే తాడు పట్టుకొచ్చారు. 

నా పేరు పుస్తకంలో రాశారో లేదో నాకు తెలియదు. నవంబరు ఆదివారానికి డబ్బా నిండలేదని తీసుకెళ్ళలేదు. నేను అడగలేదు, అచ్చమ్మగారు చెప్పలేదు. జ్వరం తగ్గిన వారంలో ఒకసారి పైకొచ్చి డబ్బా ఎత్తి బరువు చూసి, ఊఁ అని వెళ్ళిపోయింది, అంతే.

ఆరాధన చివర్లో ఆవిడ పుస్తకం పట్టుకుని నిలబడింది. ఒక్కో ఇంటి పేరూ చదువుతోంది. ఒక్కో ఆవిడా లేచి వెళ్ళి గోతంలో పోసి వస్తోంది. ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. పుస్తకంలో పేజీ తిప్పింది. ఇంకో నాలుగు పేర్లు. అచ్చమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అయిపోయిందనుకున్నాను. నాన్నగారు సంచి మీద చెయ్యి వేశారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివింది.

"కలపాల మెర్సీ సుగుణకుమారి గారి ఇల్లు."

నా పూర్తి పేరు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఆ పేరు వెనక ఇల్లు అన్న మాట అసలే వినలేదు. లేచాను. గోతం దగ్గరకు నడిచాను. మూత తీసి డబ్బా వంచితే బియ్యం జలజలమని గోతంలో పడ్డాయి. కొన్ని సన్నబియ్యం, కొన్ని లావు, నెలాఖరులో కొన్న నూకలు కూడా కొన్ని. నేను తిన్న ప్రతి పూటా అందులో ఉంది. తిరిగొస్తూ అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది. నాన్నగారు నన్ను కాదు, గోతాన్ని చూస్తున్నారు.

ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్ళాను. పొద్దున్నే పులుసు పెట్టి వెళ్ళాను. అన్నం మాత్రం వాళ్ళ ఎదురుగానే వండాను. తొమ్మిది పిడికిళ్ళు ఎసట్లోకి, మూడు డబ్బాలోకి. అమ్మ రెండుసార్లు లేవబోయింది. కూర్చో అమ్మా, అలిసొచ్చావు అన్నాను. అమ్మకి ఊరికే కూర్చోవడం చేతకాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏం వండావని నాన్నగారు అడిగితే, తినబోతూ రుచులెందుకండీ అని అమ్మే అంది.

కంచాల్లో వడ్డించాను. నాన్నగారు ఒక ముద్ద తిని, పులుసులో ఉప్పు కాస్త తగ్గిందన్నారు. తగ్గలేదు, సరిపోయింది, మీరు తినండి, అంది అమ్మ. ఆయన మారు వడ్డించుకున్నారు. మళ్ళీ ఉప్పు మాటెత్తలేదు. అన్నం గిన్నె అడుగున ఏమీ మిగల్లేదు. అమ్మ తెచ్చిన కారియర్ మూలన మూత తీయకుండానే ఉంది. అచ్చమ్మగారికి అందులోవి ఇచ్చేసి, కారియర్ కడిగి, నా కొర్రమీను పులుసు ఒక గిన్నెలో, అల్లం పచ్చడి ఒక గిన్నెలో సర్ది అన్నయ్య పిల్లలకని కట్టాను.

"ఇంత ఎందుకే?" అంది అమ్మ.

"గిన్నె ఖాళీగా పంపకూడదన్నావుగా."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది. ఆ రెండ్రోజులూ కారియర్ తిరిగొచ్చినప్పుడు, నువ్వు పస్తులున్నావేమోనని నేనూ తినలేదే, అంది. నాకూ ఏడుపొచ్చింది. 

బయల్దేరుతుంటే నాన్నగారు సంచిలోంచి తాడు తీసి కిటికీ ఊచకు తగిలించారు. అదేంటండీ నాన్నగారూ, మర్చిపోతున్నారా అన్నాను. ఉంచుకో, దండేనికి పనికొస్తుంది, నీకు బట్టలారేసుకోడానికి లేదు అన్నారు.  గుమ్మం దాటబోతూ ఒకసారి ఆగి, గోడ మీద గడియారం చూసి, తన చేతివాచీ సరిచేసుకున్నారు.

పవర్‌పేట ప్లాట్‌ఫారం మీద గూడెం నుంచి వచ్చిన పాత శిష్యుడెవరో కనపడి నాన్నగారికి వందనం చేశాడు. ఆ శిష్యుడికే యాభై ఏళ్ళుంటాయి. ఏలూరు ఎవరింటికొచ్చారు మాస్టారూ అని అడిగాడు. ఆగస్టు నుంచీ మా నాన్నగారు నా ఇంటిని ఆ గది అనేవారు, బుజ్జి ఉండే ఆ గది. నేను పక్కనే కారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. నాన్నగారు నావైపు ఒకసారి చూసి, పంచె సర్దుకున్నారు.

"మా అమ్మాయిగారింటికొచ్చామండీ," అన్నారు. "భోజనానికి పిలిచింది."